నా వేప్, అతని బ్యాగు

మా ఫ్యాక్టరీకి మొట్టమొదట వేప్ తెచ్చింది నేనే. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని ఇప్పుడు తెలుసు. అప్పట్లో మాత్రం బంగారు పతకం గెలిచినవాడిలా తిరిగాను.

గడ్డపోతారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ మాది. నేను క్వాలిటీ ల్యాబులో కెమిస్టుని. లోపల ఎక్కడ చూసినా ఇట్టే అంటుకునే సాల్వెంట్ డ్రమ్ములే కాబట్టి అగ్గిపెట్టె, లైటర్, ఫోను అన్నీ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళకు అప్పజెప్పి లోపలికి వెళ్ళాలి. సిగరెట్ అలవాటున్నవాళ్ళు టీ బ్రేకులో గేటు బయటికి ఉరికి, టీ కొట్టు వెనక నిలబడి నాలుగు దమ్ములు లాగి, మళ్ళీ ఉరికొచ్చేవాళ్ళు. నేను పదేళ్ళు అలాగే ఉరికాను. సిగరెట్ మానడానికని హైదరాబాదులో ఒక దుకాణంలో వేప్, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్, కొన్నాను. మర్నాడు టీ కొట్టు వెనక నిలబడి పుచ్చకాయ వాసనతో పొగ వదిలేసరికి అందరూ నా చుట్టూ మూగారు.

"గిదేందన్నా, హుక్కానా?"

"జెర నాకు గూడ ఇయ్యన్నా, ఒక్క దమ్ము."

ఒక్కొక్కరికీ ఎలా పట్టుకోవాలో, ఎంతసేపు పీల్చాలో నేర్పాను. పెళ్ళిలో వడ్డించేవాడికుండే దర్జా నాకు ఆ నెలరోజులూ ఉండేది. రెండు నెలలు తిరిగేసరికి మా షిఫ్టులో ఆరుగురం వేప్ వాళ్ళమయ్యాం.

ఆ ఆరుగురిలో ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఒకడు. సంగారెడ్డి బజారులో వాళ్ళ నాన్నకు గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి, అతను నన్ను పటేలా అనేవాడు. మా ఇంటికి ఒకప్పుడు ఊళ్ళో పదెకరాలు ఉండేవని విన్నప్పటి నుంచీ ఆ పిలుపు. ఆ పొలంలో ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతి ఉన్నాయని చెప్పినా మానలేదు.

కంపెనీ బస్సు సంగారెడ్డిలో బయలుదేరుతుంది. భాయ్ అక్కడే ఎక్కుతాడు కాబట్టి అతనికి సీటు ఖాయం. నేను కిరాయికుండే ఇస్నాపూర్‌కు వచ్చేసరికి బస్సు నిండిపోయేది. మా బస్సులో ఒక పద్ధతి ఉంది. నిలబడినవాళ్ళ బ్యాగులు కూర్చున్నవాళ్ళు ఒళ్ళో పెట్టుకోవాలి. ఎవరూ అడగరు, ఎవరూ థాంక్స్ చెప్పరు. బస్సు ఎక్కగానే బ్యాగు ఎవరి ఒళ్ళోనో పడుతుంది, దిగేటప్పుడు ఎవరి బ్యాగు వాళ్ళ భుజానికెక్కుతుంది. నా బ్యాగు రోజూ భాయ్ ఒళ్ళోనే ఉండేది. ఐదేళ్ళు అందులో ఏముందని అతను జిప్పు తీసి చూసింది లేదు.

తర్వాత కేంద్రం వేప్‌ల మీద నిషేధం తెచ్చింది. అమ్మడం నేరం, తెప్పించడం నేరం, నిల్వ చేయడం నేరం. తాగడం నేరమో కాదో మా ఆరుగురిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. నేను కొన్న దుకాణంలో నెల తిరక్కుండా మొబైల్ కవర్లు అమ్మడం మొదలుపెట్టారు.

ఎవరి తిప్పలు వాళ్ళు పడ్డాం. ఇద్దరు మూడో రోజుకే టీ కొట్టు వెనక్కి, సిగరెట్‌కి తిరిగి వెళ్ళిపోయారు. ప్యాకింగ్‌లో పనిచేసే ఒకాయన మిఠాయిల్లో వేసే ఎసెన్సు పోసుకుని పీల్చి, వారం రోజులు దగ్గి, ఆ వస్తువునే చెత్తబుట్టలో వేశాడు. స్టోర్స్ అతను నికోటిన్ చూయింగ్ గమ్ పట్టుకుని, పొద్దంతా మేక నమిలినట్టు నములుతూ తిరిగాడు. నేను దుకాణంలో అమ్మకం ఆగకముందే వేప్‌లో పోసుకునే ద్రవం సీసాలు కొని బీరువాలో చీరల కింద దాచాను. ఇంట్లో చీరలన్నీ పుచ్చకాయ వాసన వేశాయి. మా ఆవిడ ఒక పెళ్ళికి వెళ్తూ వాటిలో ఒకటి కట్టుకుని, దారి పొడుగునా నన్ను తిట్టింది.

సీసాలు ఉన్నా లాభం లేకపోయింది. లోపల కాలే చిన్న తీగ ఒకటి ఉంటుంది, అది మాడిపోతే వస్తువు పనికిరాదు. కొత్తది ఎక్కడా దొరకదు. నాది మాడిపోయిన రోజు మనిషి పోయినంత దిగులుగా ఉంటే, బస్సులో భాయ్ చూసి చెయ్యి చాపాడు.

"ఇటు తే పటేలా. గడియారం కన్నా కష్టమా గిది?"

మర్నాడు పొద్దున తెచ్చిచ్చాడు. తీగ మార్చాడు, వెనక మూత బిగించడానికి పాత స్క్రూ అరిగిపోతే ఆడవాళ్ళ చేతి గడియారంలోని చిన్న ఇత్తడి స్క్రూ వేశాడు. కొత్తదానికన్నా బాగా పనిచేసింది. సంతోషించాల్సిందే, సంతోషించాను కూడా. మర్నాడు బస్సులో, సిగరెట్‌కీ గమ్‌కీ మళ్ళినవాళ్ళు కూడా మూలన పడేసిన తమ వస్తువులు జేబుల్లోంచి తీసి భాయ్ చేతిలో పెడుతుంటే మాత్రం నాకు ఒళ్ళు మండింది. వేప్ అంటే ఏమిటో ఈ మనుషులకు చెప్పింది నేను. ఇప్పుడు గుంపు అతని సీటు చుట్టూ. నా బ్యాగు అతని ఒళ్ళో, నేను కడ్డీ పట్టుకుని వేలాడుతూ.

అసూయ అని అప్పుడు పేరు పెట్టుకోలేదు. కుర్ర చేష్టలు, బజారు పనులు అని మనసులో తిట్టుకున్నాను. నేను ఎమ్మెస్సీ. అతను డిప్లొమా. అదీ గుర్తొచ్చింది నాకు, సిగ్గులేకుండా.

అందరి సీసాలూ ఒకచోట పెట్టి పంచుకుందామని భాయే అన్నాడు. నేనూ కొన్ని ఇచ్చాను, అన్నీ ఇవ్వలేదు. పంపకంలో అతను ఘాటు ఎక్కువున్న సీసాలు మాకిచ్చి, తక్కువున్నవి తను ఉంచుకున్నాడు. చివరికి అసలు నికోటినే లేని సీసాలు రెండు మిగిలితే అవీ తనే తీసుకున్నాడు. వెర్రివాడని నవ్వుకున్నాం. ఏడెనిమిది నెలలు అతను ఆ తక్కువ ఘాటు నుంచి ఇంకా తక్కువకు, అక్కడి నుంచి ఏమీ లేనిదానికి మెల్లగా దిగుతున్నాడని మాకెవరికీ తట్టలేదు. ఒక సోమవారం బస్సులో నేను "తెచ్చినవా భాయ్?" అని అడిగితే, అడ్డంగా తలూపాడు.

"ఇగ నాకు అవుసరం లే పటేలా. అయిపోయింది."

"ఏందీ, సీసానా?"

"ఆదత్."

అంతే. అలవాటే పోయిందని ఊపిరి పీల్చినంత తేలిగ్గా చెప్పాడు. నాకు ఆ రోజు లంచ్ సహించలేదు. ఎదురుగా కూర్చుని అతను బగారా అన్నం రెండోసారి పెట్టించుకుని తింటుంటే, నా కళ్ళలో ఎవరో నిప్పులు పోసినట్టుంది. అతను రియాక్టర్ మెట్లు మూడంతస్తులు మాట్లాడుతూ ఎక్కేవాడు. నేను ల్యాబు ఒక్క అంతస్తుకే రెయిలింగ్ పట్టుకునేవాణ్ణి. అతను మానేశాడన్నది కాదు నన్ను తినేసింది. నన్ను అడక్కుండా, నాతో చెప్పకుండా మానేశాడు. నేను మొదలుపెట్టించినవాడు నాకన్నా ముందు బయటపడ్డాడు.

ఇంట్లో కూడా అదే గోల. మా ఆవిడకు బస్టాపు దగ్గర ఎవరో చెప్పారు.

"ఆ భాయ్ అన్నను సూడుండ్రి. మానేసిండంట. మీరేమో కెమిస్ట్రీ సదువుకున్నరు."

ఆ రాత్రి భోజనంలో ఉప్పు ఎక్కువైందని గొడవ పెట్టుకున్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

నా సీసాలు అయిపోయాక తెల్లాపూర్ దారి పట్టాను. అక్కడి ఎత్తైన అపార్టుమెంట్లలో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ అతను దొంగతనంగా వచ్చే వేప్ డబ్బాలు తెలిసినవాళ్ళకు అమ్ముతాడని స్టోర్స్ అతను చెప్పాడు. ఆదివారం పొద్దున వాళ్ళ గేటు బయట బండి పెట్టుకుని నిలబడేవాణ్ణి. వాచ్‌మన్ నన్ను పార్సిల్ తెచ్చినవాణ్ణనుకుని రిజిస్టర్ చూపించేవాడు. తలెత్తితే పద్దెనిమిదో అంతస్తు బాల్కనీలో ఎవరో నిక్కరేసుకుని తీరిగ్గా తెల్లటి పొగ వదులుతూ కనబడేవాడు. చట్టం అతని మీదా ఉంది, నా మీదా ఉంది. పద్దెనిమిదో అంతస్తుకు ఇంకా ఎక్కలేదేమో. వాడినీ చూసి ఓర్వలేకపోయాను.

ఆ డబ్బాల మీద ఏ భాషో తెలియదు, లోపల ఎంత ఘాటుందో అంతకన్నా తెలియదు. అవి అయిపోతే పారేయాల్సినవి. వాటిలోని ద్రవం నేను నా పాతదాన్లోకి ఒంపుకునేవాణ్ణి. ఘాటు ఎంత పెరిగిందంటే, అంతకుముందు టీ బ్రేకు దాకా ఆగగలిగినవాణ్ణి గంట కూడా ఆగలేకపోయాను. దగ్గు పట్టుకుంది. ఇక ల్యాబు బాత్రూములో మొదలుపెట్టాను. పొగ నిలవదు, కమురు కంపు రాదు, ఎవరికి తెలుస్తుందని. బ్యాటరీ ఉన్న వస్తువు సాల్వెంట్ ఉన్నచోటికి తీసుకెళ్ళకూడదని కొత్తగా చేరినవాళ్ళకు క్లాసు చెప్పేది నేనే. భాయ్ వేప్ తాగినన్నాళ్ళూ ఒక్కసారి కూడా గేటు లోపలికి తేలేదు. బయట టీ కొట్టు దగ్గర పాత డబ్బాలో పెట్టి వచ్చేవాడు. అతనికి నా సంగతి తెలిసి ఒకసారి మెల్లగా అన్నాడు.

"లోపల మాత్రం వద్దు పటేలా. నా మనుషులు ఇరవై మంది ఉంటరు ఆడ. నీక్కావాల్నంటే చెప్పు, ఎట్ల తగ్గించాల్నో నేను చూపిస్త."

నీ సలహా ఎవడికి కావాలి అనుకున్నాను. పైకి "చూద్దాం భాయ్" అన్నాను.

ఆడిట్‌కు వచ్చిన విదేశీ ఇన్‌స్పెక్టర్ ఒకాయన మా బాత్రూములోకి వెళ్ళి వచ్చి, ఇక్కడ పండ్ల ఫ్లేవర్లు ఏమైనా తయారుచేస్తారా అని మా మేనేజర్‌ను అడిగాడు. మామిడిపండు వాసన వస్తోందట. ఆ మామిడిపండు నాదే. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. పొగ పీల్చే ఎలాంటి బ్యాటరీ వస్తువు గేటు దగ్గర దొరికినా, లోపల దొరికినా ఉద్యోగంలోంచి తీసేస్తారు, విచారణ లేదు, నోటీసు లేదు. కింద హెచ్చార్ ఆఫీసరు సంతకం. అందరితో పాటు నేనూ చదివి, అందరితో పాటు తల ఆడించాను.

రెండు వారాలు ఎవరూ ఏమీ వెతకలేదు. మామూలు బెదిరింపే అనుకుని వేప్ బ్యాగులోనే తెచ్చుకుంటూ ఉన్నాను. మూడో వారం ఒక పొద్దున బస్సెక్కేసరికి నాకు దగ్గు తెర వచ్చి ఆగలేదు. భాయ్ లేచి నిలబడ్డాడు.

"కూసో పటేలా. ముఖం సూడు ఎట్లయిందో."

నన్ను సీట్లో కూర్చోబెట్టి, తన బ్యాగు నా ఒళ్ళో పెట్టి, కడ్డీ పట్టుకుని అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నా బ్యాగు, అతని బ్యాగు రెండూ నా ఒళ్ళోనే ఉన్నాయి. గడ్డపోతారం మలుపు తిరగగానే కిటికీలోంచి గేటు కనిపించింది. బయట బల్ల వేశారు. మాకన్నా ముందు వచ్చిన బస్సువాళ్ళు వరసగా నిలబడి బ్యాగులు బల్ల మీద బోర్లిస్తున్నారు. హెచ్చార్ ఆఫీసరు స్వయంగా పక్కనే నిలబడి ఉన్నాడు.

కిటికీలోంచి బయటికి విసిరేయవచ్చు. ఇప్పుడు ఎన్నిసార్లైనా తోస్తుంది ఆ సంగతి. కిటికీ తెరిచే ఉంది. రోడ్డు పక్కన తుప్పలు ఉన్నాయి. నేను నా బ్యాగు జిప్పు తీసి, వేప్ పిడికిట్లో పట్టుకుని, భాయ్ బ్యాగు పక్క జేబులోకి జార్చాను.

అతను మానేశాడని అందరికీ తెలుసు, అతన్ని ఎవరు వెతుకుతారు, లోపలికి వెళ్ళాక తీసుకోవచ్చు. ఇదీ నాకు నేను చెప్పుకున్న మాట. ఆ మాట వెనకే ఇంకోటి ఉంది, అదీ ఆ క్షణంలో స్పష్టంగానే వినిపించింది. మానేసిన మొనగాడివి కదా, చూద్దాం. ఇదే నేను అనుకున్నది. కావాలంటే మొదటిదాన్ని నమ్మవచ్చు, నేను మాత్రం నమ్మను.

బస్సు దిగాం. బ్యాగు అతని చేతికిచ్చాను. అలవాటుగా భుజానికి తగిలించుకున్నాడు. నన్ను ముందు వరసలోకి తోసి, తను నా వెనక నిలబడ్డాడు. నా బ్యాగు బోర్లించారు. టిఫిన్ డబ్బా, గొడుగు, దగ్గు మందు సీసా. వెళ్ళమన్నారు. నేను రెండడుగులు వేసి ఆగాను. వెనక బల్ల మీద ఏదో టక్కుమని పడిన చప్పుడైంది.

భాయ్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వెనక్కి తిప్పాడు. ఆ ఇత్తడి స్క్రూ చూశాడు.

"ఇది నాది కాదు సార్."

"మీ బ్యాగులోంచే పడింది కదా. అందరివీ రిపేరు చేసేది మీరేనట కదా?" అన్నాడు హెచ్చార్ ఆఫీసరు.

"చేసిన. ఇది గూడ నేనే చేసిన. అందుకే ఎవరిదో నాకెరుకే."

"ఎవరిది?"

భాయ్ నా వైపు వేలు చూపించలేదు. నా ముఖంలోకి చూశాడో చూడలేదో ఇప్పటికీ చెప్పలేను, ఎందుకంటే నేను నా బూట్ల వైపు చూస్తున్నాను.

"ఆయననే చెప్తడు సార్. జెర ఆగుండ్రి."

ఆగారు. మా బస్సు మొత్తం ఆగింది. ఎవరో దగ్గారు, అది నేను కాదు. అంతసేపూ ఆగని నా దగ్గు ఆ నిమిషంలో ఎటు పోయిందో. నాకు ఇద్దరు పిల్లలు, కిరాయి ఇల్లు, వచ్చే నెల ప్రమోషన్ లిస్టు. నోరు తెరిస్తే అన్నీ పోతాయి. తెరవకపోతే అతని ఉద్యోగం పోతుంది. అతనికీ ఇల్లుంది, పెళ్ళికి ఎదిగిన చెల్లెలుంది, మంచం మీద తల్లి ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. వరసలో వెనకనుంచి ఎవరో "పంచ్ టైం అయితుంది సార్" అన్నారు. వరస కదిలింది. నేనూ కదిలాను. లోపలికి వెళ్ళి పంచ్ కొట్టాను.

మధ్యాహ్నానికి అతన్ని తీసేశారు. క్యాంటీన్‌లో అందరూ అదే మాట.

"మానేసిన్నని డ్రామాలు. లోపట లోపట కొడుతనే ఉన్నడు."

"మన అసొంటోడే ఆయన గూడ."

చెప్పడానికి నోరు రాని సంగతి ఇది, అయినా చెబుతాను. ఆ మాటలు విని నాకు హాయిగా అనిపించింది. భయం తీరిన హాయి కాదు. అతనూ మా లాంటివాడే అని జనం అనుకుంటున్నందుకు. ఆ పూట ఏడాది తర్వాత నాకు అన్నం రుచిగా తగిలింది. రెండోసారి పెట్టించుకున్నాను. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు బస్సెక్కి, చూసుకోకుండా బ్యాగు అతని సీటు వైపు చాపాను. అక్కడ కూర్చున్న కొత్త మనిషి ఏమిటన్నట్టు చూశాడు. ఆ రోజు నుంచి తిన్నది ఒంటికి పట్టలేదు.

వేప్ మాత్రం మానలేదు. ఆ వారమే తెల్లాపూర్ వెళ్ళి ఇంకోటి తెచ్చుకున్నాను. పశ్చాత్తాపంతో వ్యసనం పోతుందని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి. గేటు లోపలికి తీసుకెళ్ళడం ఒక్కటే మానేశాను, అదీ బల్ల ఉన్నందుకు.

నెల తర్వాత ఒక ఆదివారం సంగారెడ్డి వెళ్ళాను. బజారులో వాళ్ళ దుకాణం రోడ్డుకన్నా నాలుగు మెట్లు ఎత్తున ఉంటుంది. అబ్బా అని అతను పిలిచే వాళ్ళ నాన్న ఆ పూట లేడు. భాయ్ కంటికి అద్దం బిగించుకుని గడియారం మీదికి వంగి ఉన్నాడు. నన్ను చూసి అద్దం తీశాడు, స్టూలు చూపించాడు, ఎదురు హోటల్ వైపు రెండు వేళ్ళెత్తి చాయ్ చెప్పాడు. పటేలా అనలేదు.

"పక్క కంపెనీల అడిగిన. పనికి రమ్మన్నరు గని, పాత కంపెనీ లెటర్ కావాల్నంట. మనోళ్ళు ఇయ్యం అన్నరు. నువ్వు పోయి ఒక్క మాట చెప్తే ఇస్తరు."

చాయ్ గ్లాసు నా చేతిలో కాలుతోంది. ఊదుకుంటూ ఖాళీ చేశాను. అతను గడియారం పక్కకు జరిపాడు.

"ఎందుకు జేసినవ్? నౌకరి పోతదని భయపడ్డవా?"

నేను అక్కడికి వెళ్ళింది నిజం చెప్పాలనే. దారంతా బస్సులో మాటలు కూర్చుకున్నాను. నిన్ను చూసి ఓర్వలేకపోయాను భాయ్ అని మొదలుపెట్టాలనుకున్నాను. కానీ అతనే భయం అన్నాడు. భయం ఎంత మర్యాదైన మాట. పిల్లలున్న ఎవడికైనా ఉండేదే.

"అవ్ భాయ్. భయమైంది."

తలూపాడు. ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాడు.

"భయపడ్డోన్ని ఏమంటం. పిల్లలున్నోనివి. మాఫ్ చేసిన, పో. గని ఇగ దుకాన్‌కు రాకు. అబ్బా అడిగితే నువ్వెవరో చెప్పాలె నేను."

అంత మాట అని, అద్దం మళ్ళీ కంటికి పెట్టుకుని, చిమటాతో వెంట్రుక లాంటి స్ప్రింగు ఎత్తి దాని చోట్లో కూర్చోబెట్టాడు. చెయ్యి కొంచెం కూడా వణకలేదు. పెదాల మీద ఏదో పాట సన్నగా మొదలైంది. మెట్లు దిగుతున్న నా చెయ్యి అప్పటికే జేబులో వేప్ కోసం తడుముతోంది. ఉద్యోగం పోయినవాడు అతను, లెటర్ లేనివాడు అతను. అయినా వెనక్కి తిరిగి చూస్తే కడుపు మండింది నాకే.